ఆరో వరస నీళ్లు

కవాసాకి, కూలీల బస
1991 అక్టోబరు 18

ఫుసాయె వదినకు కోకిచి నమస్కారాలు.

ఇక్కడ మేమింకా ఒంటి చొక్కాతోనే తిరుగుతున్నాం. అయినా ఈ పొద్దున మా బసలో ఒకడు "అబ్బ, ఏం చలిరా" అని ముక్కు చీదాడు. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే హొక్కాయిదోలో మన లోయ గుర్తొచ్చింది. ఈపాటికి కొండ నెత్తిన తొలి మంచు పడి ఉంటుంది. గని మూతపడి, నేను మీ ఇంట్లోంచి మూట కట్టుకుని వచ్చేసి మూడేళ్లవుతున్నా, అక్టోబరు వస్తే మనసు ఊరుకోదు. పంతొమ్మిదేళ్లు గని ఇళ్లకి నీళ్లు చూసినవాణ్ణి కదా.

ముందు బయట బట్టలుతికే కుళాయి. దాని వాల్వు కట్టేసి, కుళాయి మాత్రం విప్పి వదిలెయ్. గాలి లోపలికి వెళ్తేనే నీళ్లు కిందికి దిగుతాయి. రెండూ బిగించేస్తే నీళ్లు మధ్యలో వేలాడి పైపుని చీల్చేస్తాయి. గడప పక్కనున్న, పైపుని ఖాళీ చేసే దింపుడు వాల్వు పిడి చివరిదాకా తిరుగుతోందో లేదో చూడు. నేల పైకి కనిపించే పైపుకి ముందు గడ్డి, దాని మీద పాత గుడ్డలు, అన్నిటికీ పైన ప్లాస్టిక్ సంచి. గుడ్డ పైన పెట్టావనుకో, తడిసి ఐసు ముద్దై పైపుని కౌగిలించుకుంటుంది.

నుమాటా పెద్దమ్మకి కూడా నువ్వే కట్టిపెట్టు. తాడు ముడెయ్యమంటే ఆవిడ జడ అల్లుతుంది. కుదో వాళ్లకీ, హత్తోరి వాళ్లకీ, ఆ చివరింటి మూగాయనకీ ఒక మాట చెప్పు.

ఇళ్ల వెనక కొండ పక్కన పోయే పెద్ద పైపు గురించి మాత్రం దిగులు పడకు. నిలువెత్తు మనిషి లోతున వేశాను దాన్ని. సెలవురోజున అన్నయ్య కూడా గడ్డపార పట్టాడు, గుర్తుందా? దానికి ఏ చలికీ జలుబు చెయ్యదు.

ఇంకో సంగతి. కింది ఊళ్లో కట్టిన కొత్త ఫ్లాట్లలో నీకొక వాటా ఇస్తామన్నారట. వెళ్లిపోరాదూ వదినా?

నా పనికేం, బాగుంది. పెద్ద మేడకి పైపులు వేస్తున్నాం.

అన్నయ్య పటం ముందు రోజూ పొద్దున పెట్టే తొలి నీళ్లలో ఒక చుక్క నా పేరున పెట్టమని కోరుతూ,
కోకిచి

*

ఒతోసావా, గని ఇళ్లు, ఆరో వరస
నవంబరు 3

కోకిచికి వదిన దీవెనలు.

నీ ఉత్తరం అందేసరికి నేను బయటి కుళాయి కట్టేసి పదిరోజులైంది. నలభై చలికాలాలు చూసిన దానికి నువ్వు నేర్పేదేమిటోయ్! గుడ్డలకి మీ అన్నయ్య నల్ల ప్యాంటు చింపాను. మోకాళ్ల దగ్గర ఇంకా బొగ్గు వాసనే. పైపుకి చుట్టి తాడు బిగిస్తుంటే, నుమాటా పెద్దమ్మ గుమ్మంలో నిలబడి "చచ్చాక కూడా ఎయిజోని పనిలో పెట్టావే తల్లీ" అని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను.

అందరూ బాగున్నారు. నువ్వడిగిన ఇళ్లన్నిటికీ చెప్పాను.

కింది ఊరి ఆఫీసు నుంచి మియోషి కాగితం పట్టుకుని వచ్చాడు. మంచివాడే, పాపం, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే కూర్చుని మాట్లాడాడు. ఈ చలికాలం ఆరో వరసకి నీళ్లాగిపోతే మళ్లీ తవ్వి బాగుచెయ్యరట. వరస మూసేసి, ఉన్నవాళ్లని ఫ్లాట్లకి మారుస్తారట. నీళ్లు వస్తున్నంత కాలం కదిలించరట. "అయితే నీళ్లు వస్తూనే ఉంటాయి బాబూ" అన్నాను. నేను ఫ్లాటుకి పోను. ఆ మాట మళ్లీ ఎత్తకు.

ముల్లంగి, హెరింగ్ చేప కలిపి తొట్టినిండా ఊరవేశాను. నువ్వు లేకపోయినా చెయ్యి పాత కొలతకే పోతోంది.

ఒకటి అడుగుతాను, కోప్పడకు. నీ అక్షరాలు కోడి కెలికినట్టున్నాయేమిటి? ముత్యాల్లా రాసేవాడివి. తాగి రాస్తున్నావా?

పొట్ట చల్లగా, ఒళ్లు వెచ్చగా ఉండమని,
ఫుసాయె

*

కవాసాకి
నవంబరు 24

వదినకు,

అందరూ బాగున్నారా? నిన్న పని అడ్డాలో మన మూడో వరస ఇమాయి కనిపించాడు. ఆగస్టులో తల్లి సమాధి చూడ్డానికి లోయకి వెళ్లాడట. ఆరో వరసలో రెండిళ్లలోనే దీపం కనిపించిందన్నాడు. కుదో వాళ్లు ఊరొదిలి ఏడాదట, హత్తోరి వాళ్లు అంతకన్నా ముందేనట. మూగాయన చచ్చిపోయాడట కదా! ఆయనకి నేను చెప్పమన్న మాట ఎలా చెప్పావు వదినా, సమాధి దగ్గరికెళ్లి చెప్పావా?

నీకు నవ్వులాటగా ఉందేమో, నాకు ఒళ్లు మండింది. ఎందుకో విను. నలభై ఇళ్లున్నప్పుడు ఏదో ఒక ఇంట్లో ఎప్పుడూ నీళ్లు వాడుతూనే ఉండేవాళ్లు. ఒకడు రాత్రి పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కునేవాడు, ఒకామె బియ్యం కడిగేది. పైపులో నీళ్లకి నిలబడే తీరికుండేది కాదు. కదిలే నీళ్లని చలి పట్టుకోలేదు. రెండిళ్లే ఉంటే నీళ్లు చీకట్లో అలా పడి ఉంటాయి. అలా పడి ఉన్నవే గడ్డకడతాయి.

కాబట్టి వినకపోతే నా మీద ఒట్టు. బాగా చలేసిన రాత్రి కుళాయి పూర్తిగా కట్టెయ్యకు. అగ్గిపుల్ల లావు దార వదులు. పెద్దమ్మ ఇంట్లో కూడా. రెండు చోట్లా కదలాలి.

అసలు వెళ్లిపో అంటే వినవు. ఏముందక్కడ నీకు? అన్నయ్య పోయాడు, నేనూ పోయాను. ఎవరి కోసం కాపలా?

అక్షరాల గురించి అడిగావు. దీపం సరిగ్గా లేదు.
కోకిచి

*

ఒతోసావా
డిసెంబరు 12

కోకిచికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు జవాబు రాయలేదు. మూడో రోజు నుంచి మంచు, టపా మనిషి పైకి రాలేదు. అందుకే ఆలస్యం.

అవును, అబద్ధం చెప్పాను. నేనూ పెద్దమ్మా, ఇద్దరమే ఉన్నాం. చెబితే నువ్వు ఇలాగే అరుస్తావని చెప్పలేదు. "నేనూ పోయాను" అని రాశావే, పదిహేనేళ్ల వయసులో అట్టపెట్టెతో మా గుమ్మంలోకి వచ్చినవాడివి, ఎవరు పొమ్మన్నారు నిన్ను? నీ గది అలాగే ఉంది. ఎండ వచ్చినప్పుడల్లా నీ పరుపు కిటికీలో వేస్తున్నాను. నీకు అక్కర్లేకపోతే అక్కర్లేదని రాయి, పరుపు మొయ్యడం మానేస్తాను. నా నడుమైనా బాగుపడుతుంది.

నువ్వు చెప్పినట్టే దార వదులుతున్నాం. పెద్దమ్మ చాప్‌స్టిక్ లావు వదులుతోంది. అదేమిటంటే "కళ్లు కనపడవే నాకు, అగ్గిపుల్లో దుంగో!" అంటుంది. తొట్టి నిండి పొంగి, వంటింట్లో ఐసు పట్టి, మొన్న జారి మోకాలు వాచింది. ఇప్పుడు ఆవిడ కుళాయి కూడా నేనే చూస్తున్నాను.

మంచు ఈ ఏడు తొందరగా వచ్చింది. ఇళ్ల ముందు దారి కిటికీ ఎత్తుకి నిండిపోయింది. ఒక్క పార కూడా ఎత్తలేదు మేము. చూరు కింద పలక పరుచుకుని ఇంటి నుంచి ఇంటికి వెళ్తున్నాం. కొట్టుకి వెళ్లి తొమ్మిది రోజులు. బంగాళాదుంపలు, గుమ్మడికాయ, ఊరగాయ, ఇవే మూడు పూటలా. పెద్దమ్మ కూతురు వచ్చి తీసుకెళ్తానంటోందట, కారు రావడానికి దారేదీ? వెళ్లక్కర్లేదని ఆవిడకి లోపల సంతోషమే.

నువ్వు తాగడం మాను. దీపం వంక చెప్పకు.
ఫుసాయె

*

కవాసాకి
డిసెంబరు 28

వదినా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. కిటికీ ఎత్తు మంచు, తొమ్మిది రోజులు తిండి సరుకు లేదు, వాచిన మోకాలితో ఒక ముసలమ్మ, ఆవిణ్ణి మోస్తూ అరవై దాటిన నువ్వు. పార ఎత్తలేకపోతున్నామని నేరుగా రాయవు, "ఎత్తలేదు" అని గొప్పగా రాస్తావు. నీ సంగతి నాకు తెలియదా?

కొత్త సంవత్సరానికి రాలేను. పని ఒత్తిడి. అందుకని ఒక పని చేశాను, వద్దనకు. నిన్న ఫోను డబ్బా దగ్గర నిలబడి ఆఫీసుకి ఫోను చేశాను. మియోషి దొరికాడు. "ఆరో వరస మా లెక్కలో మూసిన దారి అండీ, అక్కడికి బండి పంపం" అన్నాడు. నాకెక్కడలేని కోపం వచ్చింది. "రేపు అక్కడ రెండు శవాలు దొరికితే అది కూడా మూసిన లెక్కేనా?" అని అరిచాను. వెనక నిలబడ్డవాళ్లంతా చూస్తున్నారు. చివరికి మెత్తబడ్డాడు. సెలవులయ్యాక, జనవరి ఏడున మంచు తోసే బండి వస్తుంది. ఇళ్ల ముందు దారంతా నేల కనపడేదాకా తోయమన్నాను. పైపు ఎలాగూ ఇళ్ల వెనక ఉంది కాబట్టి దానికేం కాదు.

మూడేళ్లలో నీకు నేను చేసిన పని ఇదొక్కటే. ఈ రాత్రి నిద్ర పడుతుంది.

పండగ మోచి, ఆ బంక బియ్యపు ముద్దలు, కొంచెం కొంచెం కొరికి తినమని పెద్దమ్మకి చెప్పు, గొంతుకి అడ్డం పడుతుంది.
కోకిచి

*

ఒతోసావా
1992 జనవరి 19

కోకిచికి,

నీ ఉత్తరం పదకొండో తారీఖున అందింది. దాని కన్నా ముందే బండి వచ్చింది. దారి అద్దంలా చేసి వెళ్లింది. నీ మేలు మరవను.

దారి పడ్డ మూడో రోజుకే పెద్దమ్మ కూతురు కారు తెచ్చుకుంది. పెద్దమ్మ ఏడవలేదు. కారెక్కేముందు "నా కుళాయి కూడా వదులు, మర్చిపోకే" అంది. అద్దంలోంచి చూసింది తప్ప చెయ్యి ఊపలేదు.

పద్నాలుగో తారీఖు పొద్దున నీళ్లాగిపోయాయి. రెండిళ్లలోనూ దార వదిలే పడుకున్నాను. రాత్రి సున్నాకి ఇరవై ఎనిమిది కిందికి పోయిందట. అంత చలికి ఎవరేం చెయ్యగలరు, ఎవరి తప్పూ లేదు. మధ్యాహ్నానికి పెద్దమ్మ గేటు ముందు నీళ్లు ఉబికి, దారి మీద పరుచుకుని, చూస్తుండగానే గట్టిపడ్డాయి. మియోషి వచ్చి కింది మలుపులో పెద్ద వాల్వు కట్టేసి ఎర్ర కాగితం అంటించాడు. నా మొహం చూడలేకపోయాడు. ఫిబ్రవరి నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి.

నువ్వెప్పుడూ కోరుకున్నదే కదా. ఇక సంతోషంగా ఉండు.
ఫుసాయె

*

కవాసాకి
జనవరి 27

వదినా,

నీ ఉత్తరంలో ఒకచోట నా కళ్లు ఆగిపోయాయి. పెద్దమ్మ గేటు ముందా? నీళ్లు గేటు ముందు ఎలా ఉబుకుతాయి? నేను వేసిన పైపు ఇళ్ల వెనక కదా ఉంది? పగిలితే వెనక పగలాలి. గేటు దగ్గర ఊటలు లేవు, కాలవ లేదు.

నువ్వు పొరపాటున రాశావా? పెరటి వైపు అనబోయి గేటు అన్నావా? ఒక్క ముక్క చాలు, రాయి. నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు.
కోకిచి

*

ఒతోసావా
ఫిబ్రవరి 8

కోకిచికి,

ఎంత దాచుదామనుకున్నా గేటు అని రాసేశాను. నీళ్ల సంగతిలో నీకు అబద్ధం చెప్పడం నాకు చాతకాదు.

నువ్వు వెళ్లిన మరుసటి వేసవిలో కొండ పక్క మట్టి జారి నీ పైపు విరిగింది. ఆఫీసు వాళ్లు దాన్ని వదిలేసి, ఇళ్ల ముందు దారి కింద సన్న పైపు వేశారు. మోకాలి లోతే. "ఇంకెన్నాళ్లులే అమ్మా" అన్నాడు తవ్వినవాడు. మీ అన్నదమ్ములు చెమటోడ్చి వేసిన పైపు మట్టిలో కలిసిపోయిందని నీకు రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

మంచే దాని దుప్పటి అని మాకు తెలుసు. ఆ మాట నువ్వే కదా ఊరందరికీ చెప్పింది. అందుకే పార ఎత్తలేదు. చూరు మీది మంచు కూడా దారి మీదికే దొర్లించేవాళ్లం. కాలు పడితే అణిగిపోతుందని పలక మీద నడిచేవాళ్లం. రెండు చలికాలాలు అలాగే గడిపాం.

ఏడో తారీఖున బండి చప్పుడు వినపడగానే చెప్పుల్లేకుండా పరిగెత్తాను. చేతులు అడ్డం పెట్టి నిలబడ్డాను. నడిపే అతను కిందికి దిగి దణ్ణం పెట్టాడు.

"మొహమాటపడకండమ్మా, మీవాళ్లెవరో దూరం నుంచి ఫోను చేసి మరీ అడిగారట. వాళ్ల ప్రేమ కాదనకూడదు."

"నాయనా, కింద పైపుంది. మంచు తీస్తే చచ్చిపోతుంది."

"పైపు మంచు వల్ల కదమ్మా చచ్చేది?" అని నవ్వాడు. కుర్రాడు కాదు, నీ వయసు ఉంటుంది, కానీ పడమటి తీరం నుంచి వచ్చినవాడు, ఈ లోయ సంగతి ఏం తెలుసు? "మియోషి గారి మాట, నేల కనపడాలి అన్నారు. పావుగంట పని, మీరు లోపల వెచ్చగా కూర్చోండి."

మీవాళ్లు అన్నాడు చూడు, అక్కడే నా చేతులు కిందికి దిగిపోయాయి. నువ్వేనని అర్థమైంది. నువ్వు చేయించిన పనికి ఎలా అడ్డం నిలబడను? అతను వెళ్లాక నేనూ, కుంటుతూ పెద్దమ్మా, బకెట్లతో మంచు తెచ్చి మళ్లీ దారి మీద పోశాం. రెండు రోజులు పోసినా చీలమండ లోతు కూడా కాలేదు. ఆ తర్వాత ఆవిడ వెళ్లిపోయింది.

నేనెందుకు కదలనన్నానో కూడా ఇప్పుడే చెబుతాను, ఇక దాచి ఏం లాభం? ఫ్లాటు ఒక్కళ్లకే. నా పేరున ఒక గది. బంధువుల్ని పెట్టుకోకూడదట. ఈ ఇల్లు పోతే నువ్వు వచ్చి తలదాచుకునే చోటు ఈ భూమ్మీద ఇంకోటి ఉందా? అందుకే ఆ కుళాయి కాపలా.

ఇప్పుడు పొయ్యి మీద మంచు కరిగించుకుంటున్నాను. కుండెడు మంచుకి గ్లాసెడు నీళ్లు వస్తాయి. తొలి గ్లాసు మీ అన్నయ్యకే పెడుతున్నాను. బొగ్గు మసి తేలుతోంది, ఆయనకి అలవాటే.

నీ తప్పని రాయకు. రాస్తే చింపేస్తాను.
ఫుసాయె

*

కవాసాకి
ఫిబ్రవరి 20

వదినా,

రాయొద్దన్నావు కాబట్టి ఆ మాట రాయను.

కానీ నువ్వు దాచినవి చెప్పావు, నేనూ చెప్పాలి. నేను తాగడం లేదు. కిందటేడు మార్చిలో ఇనప పైపు జారి కుడి మణికట్టు మీద పడింది. ఎముకలు అతుక్కున్నాయి కానీ వేళ్లు ముడుచుకోవు. పానా పట్టలేను. ఎడంచేత్తో రాస్తున్నాను, అందుకే కోడి కెలుకుడు. మేడలకి పైపులు వేస్తున్నానన్నది కూడా అబద్ధమే. బసలో నేల తుడిచి, సాయంత్రం అందరికీ స్నానానికి నీళ్లు కాస్తాను.

ఇలాంటి చేత్తో నీ గుమ్మంలోకి వస్తే నువ్వు నన్ను కూడా మొయ్యాలి. అందుకే నువ్వు ఫ్లాటుకి వెళ్లిపోయి ఆ ఇల్లే లేకపోతే, రావాలనే ఆశ నాకు తెగిపోతుందని, వెళ్లు వెళ్లు అని రాశాను. నువ్వు పరుపు ఎండలో వేస్తున్నానని రాసినప్పుడు ఆ కాగితం తీసుకుని మెట్ల కింద కూర్చున్నాను. ఆ రోజే బయల్దేరి ఉంటే ఫోను చేసే అవసరమే ఉండేది కాదు. రైలుకి బదులు ఫోను డబ్బా దగ్గరికి వెళ్లాను.

పంతొమ్మిదేళ్లు ఇంటింటికీ తిరిగి పైపు మీది మంచు తీయకండి అని చెప్పినవాణ్ణి.

సామాన్లు నువ్వొక్కదానివే దించుకోకు. నా గదిలోవి ఏవీ మోసుకెళ్లకు, అక్కడే వదిలెయ్.
కోకిచి

*

కింది ఊరు, ఫ్లాట్లు, రెండో అంతస్తు
మార్చి 15

కోకిచికి,

వచ్చేశాను. మియోషి, బండి నడిపినతనూ కలిసి సామాను దించారు.  చివర్లో ఆ బండి అతను "అమ్మా, నాకు తెలియలేదు" అన్నాడు. "తెలిసినవాడికే తెలియలేదు, నీకేం తెలుస్తుంది" అనబోయి, నాలుక కరుచుకుని టీ ఇచ్చాను.

ఊరగాయ తొట్టి ఇక్కడ పెట్టనివ్వలేదు, వాసనట. పెద్దమ్మకి ఉత్తరం రాస్తే కూతురు జవాబిచ్చింది. ఆవిడ పగలంతా మంచం మీదే ఉంటోందట. రాత్రిళ్లు లేచి వంటింట్లోకి వెళ్లి కుళాయి వదులుతోందట. వాళ్లు తిడుతున్నారట.

ఇక్కడ పైపులన్నీ గోడల లోపలే. ఒక పిడి తిప్పితే చన్నీళ్లు, ఇంకోటి తిప్పితే వేడినీళ్లు. చలి ఎంతున్నా ఏమీ చెయ్యక్కర్లేదు. మొదటి వారం పొద్దున్నే లేచి గుమ్మం పక్కన వాల్వు కోసం వెతికాను. ఇప్పుడు అదీ మానేశాను. కూర్చుంటున్నాను.

నీ చెయ్యి గురించి ఏం రాయను? నాతో ఒక్క మాట అని ఉంటే ఆ పరుపు కిటికీలో కాక నేల మీదే పరిచి ఉంచేదాన్ని.

మియోషిని అడిగాను, మా మరిది వస్తే ఉండొచ్చా అని. పుస్తకం తిరగేసి చూసి చెప్పాడు. చుట్టాలు మూడు రాత్రులు ఉండొచ్చట. అంతకు మించితే పైవాళ్లకి రాయాలట, వాళ్లు ఒప్పుకోరట.

మూడు రాత్రులకైనా రా. అన్నం వండి పెడతాను. ఎడంచేత్తో తింటే ఇక్కడెవరూ చూడరు.
నీ వదిన

*

(పోస్టు కార్డు)
ఏప్రిల్ 2

వదినా,

మూడు రాత్రులకైతే రాను. నాలుగో పొద్దున నన్ను పంపించాల్సింది నువ్వే కదా. ఆ పని నీకు పెట్టలేను.

మా బస నెలాఖరుకి ఎత్తేస్తున్నారు. కొత్త అడ్రసు దొరికితే రాస్తాను.
కోకిచి